మేక గుండె తరగతి గదిలోకి రావచ్చా?

సైన్సు మాస్టారు మటన్ కొట్టు నుంచి మేక గుండెకాయ తెప్పించి పిల్లల చేత కోయించారట. తిరుపతిలోనైనా, చిత్తూరులోనైనా ఈ కబురు ఇళ్లకు చేరితే మూడు రకాల మాటలు వినబడతాయి. ‘బడుల్లో ఇవన్నీ నిషేధించారు కదా’ అని ఒకరు. ‘మేము ఇంటర్‌లో కప్పనే కోశాం, గుండెకాయకు ఇంత గొడవా’ అని మరొకరు. ‘మాంసం మా గడప తొక్కదు, మా అమ్మాయి చేతికి ఎలా ఇచ్చారు’ అని ఇంకొకరు. ముగ్గురూ ఒకే విషయం మీద వాదించుకుంటున్నట్టు కనిపిస్తారు గానీ, మొదటివారు అడుగుతున్నది చట్టం గురించి, రెండోవారు చెబుతున్నది అలవాటు గురించి, మూడోవారు నిలదీస్తున్నది అనుమతి గురించి. వీటిని కలగలిపితే దేనికీ జవాబు దొరకదు.

చంపి కోయడం వేరు, తెచ్చి విప్పడం వేరు

జీవశాస్త్ర తరగతిలో జరిగే కోతల్లో మూడు రకాలు ఉన్నాయి. మొదటిది, బతికున్న జీవిని పట్టి తెచ్చి, మత్తుమందిచ్చి చంపి, లోపలి భాగాలు చూడటం. ఒకప్పటి ఇంటర్, డిగ్రీ ప్రయోగశాలల్లో కప్ప, బొద్దింక, వానపాము, ఎలుక ఈ పద్ధతిలోనే బల్ల మీదికి వచ్చేవి. పిల్లలు ఎన్ని జట్లుగా విడిపోతే అన్ని ప్రాణాలు పోవలసిందే.

రెండోది, ఫార్మలిన్‌లో నిలవ ఉంచిన నమూనాను కోయడం. ఫార్మలిన్ అంటే నీటిలో కరిగించిన ఫార్మాల్డిహైడ్ వాయువు. ముక్కును, కళ్లను మండించే ఆ వాసన పాత ప్రయోగశాలల్లో తిరిగినవారెవరూ మరచిపోలేరు. మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో ఫార్మాల్డిహైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో చేర్చింది. గాలి సరిగా ఆడని బడి గదిలో గంటసేపు దాన్ని పీల్చడం గురించి ఆలోచించడానికి ఇదొక్కటి చాలు.

మూడోది, తినడానికి కోసిన జంతువు గుండెనో, మూత్రపిండాన్నో, ఊపిరితిత్తులనో కొట్టులో కొని తెచ్చి విప్పి చూడటం. ఇక్కడ బడి కోసం ఏ జీవినీ చంపరు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు రాకముందు మన రాష్ట్రంలో నడిచిన పదో తరగతి జీవశాస్త్ర పుస్తకంలో గుండె నిర్మాణం, మూత్రపిండం నిర్మాణం చూసే ప్రయోగశాల కృత్యాలు ఈ పద్ధతిలోవే. మాంసం కొట్టు నుంచి తాజా అవయవం తెప్పించమని పుస్తకమే చెప్పింది. కాబట్టి తిరుపతిలో ఒక మాస్టారు మేక గుండె తెప్పించారంటే, అది ఆయన సొంత తెలివితో కనిపెట్టిన వింత కాదు.

చట్టం ఎక్కడి వరకు వస్తుంది?

జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960 నాటిది. జంతువుల మీద ప్రయోగాలను అది పూర్తిగా కాదనలేదు, హద్దులు పెట్టింది. పుస్తకాలు, నమూనాలు, చిత్రాల వంటి బోధన సాధనాలు సరిపోయే చోట జంతువుల మీద ప్రయోగాలు మానుకోవాలని, కేవలం చేతి నేర్పు కోసం సాధ్యమైనంతవరకు చేయకూడదని 17వ సెక్షన్ చెబుతుంది. దానికి తోడు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. పొలాల్లో దొరికే పెద్ద కప్పను పట్టడానికి అది అడ్డు వస్తుంది. ఇక్కడ ప్రయోగశాలల కంటే పెద్ద కథ ఒకటి నడిచింది. కప్ప కాళ్లను విదేశాలకు తెగ ఎగుమతి చేసి, పంటల మీది పురుగులను తినే జీవులనే ఖాళీ చేసుకుంటున్నామని గ్రహించి, కేంద్రం 1987లో ఆ ఎగుమతిని ఆపింది. జువాలజీ విద్యార్థి కత్తెర కంటే వంటగది కత్తికి బలైన కప్పలే ఎక్కువన్నమాట.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2011లో కోతలను దశలవారీగా తగ్గించమని మార్గదర్శకాలు ఇచ్చింది. 2014లో ఇంకా గట్టిగా చెప్పి, జువాలజీ కోర్సుల్లో వాటికి దాదాపు తెర దించింది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, దాని పరిధిలోని డిగ్రీ కళాశాలలు ఈ సంఘం మాట వినవలసినవే. ఉన్నత పాఠశాలలకు మాత్రం అది వర్తించదు. బడుల విషయంలో సీబీఎస్ఈ అంతకు చాలా ముందే కోతలకు స్వస్తి చెప్పింది. ‘నిషేధించారు కదా’ అనేవారి మనసులో ఉన్నది సాధారణంగా ఈ రెండింటిలో ఒకటి. ఆ మాటలో తప్పు లేదు, కాకపోతే ఆ నిషేధాల గురి మన మూడు రకాల్లో మొదటిదాని మీద ఉంది.

మరి కొట్టులో కొన్న గుండె? ఆహారం కోసం చట్టబద్ధంగా కోసిన మేక శరీర భాగాన్ని కొనడం మామూలు కొనుగోలే. దాన్ని కూర వండినా, బల్ల మీద పెట్టి విప్పినా, బతికున్న జంతువు మీద ప్రయోగం కిందకు రాదు. సూటిగా చదివితే చట్టం చెప్పేది ఇంతే. అయితే సొంత పాఠశాలల్లో ఏది ఉండాలో నిర్ణయించుకునే అధికారం బోర్డులకు, యాజమాన్యాలకు ఉంది. నేరం కాదు కాబట్టి బడి చేసి తీరాలన్న వాదన ఎంత తప్పో, బోర్డు వద్దంది కాబట్టి చేసినవారు నేరస్థులన్న వాదనా అంతే తప్పు.

రాజ్యాంగంలోనైనా తేలుతుందేమో చూద్దామంటే అక్కడ చిక్కు ఇంకొంచెం పెరుగుతుంది. 1976లో 42వ సవరణ ద్వారా చేరిన 51ఏ అధికరణం పౌరుల ప్రాథమిక విధులను చెబుతుంది. ప్రాణుల పట్ల కరుణ కలిగి ఉండటం అందులో ఒకటి. దాని వెంటనే వచ్చే విధి, శాస్త్రీయ దృక్పథాన్ని, తెలుసుకోవాలన్న తపనను పెంచుకోవడం. రెండు పక్షాలవారూ ఒకే పేజీలో వేలు పెట్టి చూపించుకోవచ్చు.

బొమ్మలో లేనిది గుండెలో ఏముంది?

పుస్తకంలో గుండె సగం ఎరుపు, సగం నీలం. బల్ల మీద పెట్టిన మేక గుండె అంతా ఒకటే ముదురు గోధుమ ఎరుపు. పై భాగాన తెల్లని కొవ్వు పేరుకొని ఉంటుంది. నీలం ఎక్కడ అని పిల్లలు వెతుక్కుంటారు. నీలం అనేది చిత్రకారుడు రక్తం తేడా చూపడానికి వాడుకున్న గుర్తు మాత్రమేనని తెలియడం ఆ గంటలో మొదటి పాఠం.

రెండో పాఠం ఎడమ, కుడి. గుండె ముందు వైపు మనకేసి పెడితే దాని ఎడమ మన కుడి చేతి వైపు వస్తుంది. బొమ్మలో ఇది బట్టీపట్టే విషయం. చేతిలో ఉన్నప్పుడు బట్టీ అక్కరలేదు, బొటనవేలితో రెండు వైపులా నొక్కి చూస్తే సరి. ఒక వైపు లోపలికి పోతుంది, రెండో వైపు గట్టిగా నిలబడుతుంది. గట్టిగా ఉన్నదే ఎడమ జఠరిక, అంటే గుండెలో ఎడమ వైపు కింది గది. కోసి చూస్తే దాని గోడ కుడి జఠరిక గోడ కంటే దాదాపు మూడు రెట్లు మందం. కుడి జఠరిక పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు రక్తాన్ని నెడితే చాలు. ఎడమ జఠరిక కొమ్ము మొదలు నుంచి గిట్ట చివరి దాకా పంపాలి. ఆ పనిలో తేడా ఎంతో కండలో కనబడుతుంది.

కవాటాల సంగతి ఇంకా బాగుంటుంది. కోయకముందే, ఒంటికంతటికీ రక్తం తీసుకెళ్లే బృహద్ధమని గొట్టంలోకి గ్లాసుతో నీళ్లు పోస్తే, ఆ నీళ్లు గుండెలోకి జారకుండా గొట్టంలోనే నిలుస్తాయి. అడుగున ఉన్న మూడు పలుచని అర్ధచంద్రాకార కవాటాలు ఒకదానికొకటి అంటుకొని దారి మూసేస్తాయి. రక్తం వెనక్కి రాదు అని పుస్తకంలో ఉన్న ఒక్క వాక్యం అక్కడ ప్రాణం పోయిన కండరంలో కూడా పనిచేస్తూ కనిపిస్తుంది. లోపల పై గది అయిన కర్ణికకూ జఠరికకూ మధ్య ఉన్న కవాటాల అంచుల నుంచి తెల్లని సన్నని తంతువులు గోడ దాకా లాగి కట్టి ఉంటాయి. పట్టకారుతో లాగితే అంత తేలిగ్గా తెగవు. కవాటం అవతలి వైపుకు తిరగబడకుండా పట్టి ఉంచేవి అవే.

కానీ ఈ ప్రదర్శన కొట్టులోనే చెడిపోవచ్చు. మాంసం కొట్టేవారు గుండెను గాటు పెట్టి, లోపల గడ్డకట్టిన రక్తం తీసేసి, పైనున్న గొట్టాలను మొదలంటా తెగ్గోసి ఇస్తారు. కూరకు అదే శుభ్రం. పాఠానికి మాత్రం అది తలుపులు ఊడబీకిన ఇల్లు. బృహద్ధమని లేదు, ఊపిరితిత్తులకు పోయే పుపుస ధమని లేదు, నీళ్లు ఎక్కడ పోస్తారు? అందుకే అనుభవమున్న మాస్టార్లు గాటు పెట్టవద్దని, గొట్టాలు పొడుగ్గా వదలమని ముందురోజే కొట్టు అతనికి చెప్పి ఉంచుతారు. ఊపిరితిత్తులతో కలిపి గుత్తిగా దొరికితే ఇంకా మంచిది, ఏ గొట్టం ఎటు పోతుందో అనుమానం ఉండదు.

ఊపిరితిత్తి దొరికితే చిన్న ముక్క కోసి నీళ్లలో వేసినా చాలు, తేలుతుంది. పక్కనే వేసిన కార్జం ముక్క మునిగిపోతుంది. ఊపిరితిత్తి లోపలి గాలి సంచుల గురించి అంతకంటే పొట్టిగా చెప్పడం కష్టం.

మూత్రపిండం దగ్గర పాఠం అడ్డం తిరుగుతుంది

అసలు అవయవం ఎప్పుడూ బొమ్మ కంటే నిజం చెబుతుందని అనుకునేవారు మూత్రపిండాన్ని కోసి చూడాలి. నిలువుగా రెండు బద్దలు చేస్తే బయటి పొర వల్కలం, లోపలి పొర దవ్వ, మధ్యలో తెల్లగా మూత్రం చేరే ద్రోణి కనిపిస్తాయి. అంతవరకు బాగానే ఉంది. మనిషి మూత్రపిండం బొమ్మలో దవ్వ భాగం అనేక శంకువులుగా విడివిడిగా ఉంటుంది. గొర్రె, మేక మూత్రపిండాల్లో అవి కలిసిపోయి ఒకే గట్టులా ఉంటాయి. పుస్తకంలో చూసిన శంకువుల కోసం పిల్లలు ఎంత వెతికినా కనబడవు. మాస్టారికి ఈ సంగతి తెలియకపోతే కోత సరిగా పడలేదని అనుకుంటారు. తెలిస్తే, ఒక జంతువు శరీరం ఇంకో జంతువు శరీరానికి నకలు కాదని చెప్పడానికి అంతకంటే మంచి అవకాశం ఉండదు.

ఇక రక్తాన్ని వడకట్టే సన్నని గొట్టాలు, నెఫ్రాన్లు. మనిషి ఒక్కో మూత్రపిండంలో అవి పది లక్షల వరకు ఉంటాయి. ఒక్కటీ కంటికి ఆనదు. రక్తం వడపోత ఎలా జరుగుతుందో కోసిన మూత్రపిండం చెప్పలేదు. కొట్టుకోవడం ఆగిపోయిన గుండె, లయ గురించి ఏమీ చెప్పలేదు. ఇక్కడ కదిలే బొమ్మలు, వీడియోలు, కంప్యూటర్ నమూనాలు కోత కంటే ముందుంటాయి. ప్రత్యామ్నాయాలను సమర్థించేవారి బలమైన వాదన ఇదే. నిర్మాణం ఒక్కసారి చూస్తే తెలుస్తుంది, పని చేసే తీరు మాత్రం పదిసార్లు వెనక్కి తిప్పి చూడాలి. అవసరమైతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే వీలు వీడియోకు ఉంది, కత్తికి లేదు. అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక ఉన్నత పాఠశాల 2019లో కృత్రిమ పదార్థంతో చేసిన కప్పలను పిల్లల చేత కోయించింది. మన బడుల బడ్జెట్‌లో అవి ఎప్పటికి చేరతాయో గానీ, కోత అనుభవానికి ప్రాణి శరీరమే కావాలన్న మాట ఇప్పుడు మునుపటంత గట్టిగా అనలేం.

కోసి నేర్చుకున్నవారు ఎక్కువ గుర్తుంచుకుంటారా, తెర మీద చూసినవారా అన్నదానిపై ప్రపంచంలో చాలా అధ్యయనాలు జరిగాయి. ఫలితాలు ఒకే వైపు మొగ్గవు. పరీక్షలో ఏం అడిగారన్న దాని మీద చాలా ఆధారపడుతుంది. భాగాల పేర్లు అడిగితే తెర చాలు. గోడ మందం ఎందుకు వేరు అని అడిగితే, వేలితో నొక్కి చూసిన పిల్లవాడికి కొంత మేలు ఉంటుందని నా అభిప్రాయం.

బడి కోసం ఒక మేక అదనంగా చచ్చిందా?

నలభై మంది పిల్లలున్న తరగతి. ఐదుగురికి ఒక గుండె అనుకుంటే ఎనిమిది గుండెలు. పాత పద్ధతిలో కప్పలైతే ఎనిమిది కప్పలు బడి కోసమే చచ్చేవి. గుండెల లెక్క అలా ఉండదు. ఒక మేక నుంచి పది కిలోల మాంసం వచ్చిందనుకుందాం, గుండె బరువు వంద గ్రాములు అనుకుందాం. మాంసంలో నూటికి ఒక వంతు. ఏ రోజు ఎన్ని మేకలు కోయాలో కొట్టు అతను మాంసానికి ఉన్న గిరాకీని బట్టి తేల్చుకుంటాడు, గుండెల గిరాకీని బట్టి కాదు. బడి ఎనిమిది గుండెలు తీసుకుంటే, కార్జంతో పాటు గుండె అడిగే ఎనిమిది మంది ఆ రోజు అది లేకుండా ఇంటికి వెళ్తారు.

ఈ లెక్కతో జంతు సంక్షేమవాదులందరూ సమాధానపడరు. వారిలో కొందరికి అభ్యంతరం చావుల సంఖ్య మీద కాదు. ప్రాణి శరీరాన్ని వస్తువులా చూడటం చిన్న వయసులోనే అలవాటవుతుందన్నది వారి భయం. దీనికి ఎదురు వాదన కూడా వినాలి. ఆదివారం ఇంట్లో మటన్ తినే పిల్లవాడికి అది ఒకప్పుడు కొట్టుకున్న గుండె అని సోమవారం తెలియడం శరీరం మీద గౌరవం పెంచుతుంది తప్ప తగ్గించదని కొందరు ఉపాధ్యాయులు అంటారు. పిల్లలందరూ ఒకలా స్పందించరు కాబట్టి రెండు మాటలూ కొంతమంది విషయంలో నిజమవుతాయి. ఒకే బల్ల దగ్గర ఒకరు ముందుకు వంగి చూస్తుంటే, పక్కనున్నవారు కిటికీ దగ్గరకు వెళ్లి నిలబడతారు.

తిరుపతిలో వారం, నెల కూడా చూసుకోవాలి

కొండ మీద తిరుమలలో మాంసం నిషిద్ధం. కొండ కింద తిరుపతిలో మటన్ కొట్లు ఉన్నాయి, మే నెల గంగమ్మ జాతరకు మొక్కుబడి జంతువులూ ఉంటాయి. మాంసం వాసన పడని ఇళ్లు, వేటపోతును కోసి పంచుకునే ఇళ్లు ఒకే వీధిలో కనిపిస్తాయి. ఆ రెండు ఇళ్ల పిల్లలూ ఒకే తరగతిలో కూర్చుంటారు.

దీని ప్రభావం ప్రయోగశాల ఏర్పాట్ల మీద నేరుగా పడుతుంది. కొట్లలో ఎక్కువ మేకలు తెగేది ఆదివారం, ఆ రోజు బడి ఉండదు. శనివారం వేంకటేశ్వరుడి వారమని మాంసం తినే ఇళ్లు కూడా చాలావరకు మానేస్తాయి, కొట్లలో సరుకు తగ్గుతుంది. సెప్టెంబరు, అక్టోబరులో వచ్చే పెరటాసి నెల మొత్తం ఇదే తంతు. ఎనిమిది గుండెలు ఒకేసారి కావాలంటే ఆదివారం తీసుకొని రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి సోమవారం తేవడమే మిగులుతుంది. ఆ ఫ్రిజ్ ఎవరి ఇంటిది అన్నది ఇంకో సమస్య.

ఏ జంతువుది అన్న ప్రశ్న కూడా ఇక్కడ తేలికైంది కాదు. ఎద్దు, ఆవు గుండె పెద్దగా ఉండి భాగాలు బాగా కనబడతాయి, కానీ దాన్ని బల్ల మీద పెడితే పాఠం అక్కడితో ఆగి గొడవ మొదలవుతుంది. పందిది తెస్తే ముస్లిం కుటుంబాలకు అభ్యంతరం. మిగిలేవి గొర్రె, మేక. మాంసం తినే ఇళ్లలో ఏ మతంవారికీ ఇవి పరాయివి కావు. కోడి గుండె తేలికగా దొరుకుతుంది గానీ, గదులు చూడాలంటే భూతద్దం పట్టాలి.

చేతులకు అంటేది, కుక్కలకు చేరేది

కొట్టులో కొన్న అవయవం పచ్చి మాంసమే. వంటింట్లో దాన్ని ముట్టుకోవడంలో ఉన్న ప్రమాదమే ఇక్కడా ఉంటుంది, తేడా ఏమిటంటే కత్తి నలభై మంది చేతులు మారుతుంది. చేతి తొడుగులు, సబ్బు, గాయమైన వేలు దూరంగా ఉంచడం మామూలు జాగ్రత్తలు. ఊపిరితిత్తి ఉబ్బడం చూపడానికి దానిలోకి నోటితో ఊదడం మాత్రం తెలిసినవారెవరూ ఒప్పుకోరు, సైకిల్ పంపు అందుకే ఉంది.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది. పల్లెల్లో పిల్లలు ఉత్సాహం కొద్దీ ‘మా గొర్రె రాత్రి చచ్చిపోయింది సార్, గుండె తెస్తాను’ అనవచ్చు. దానికదే చచ్చిన జంతువు దొమ్మరోగంతో (ఆంత్రాక్స్) చచ్చి ఉండవచ్చు. ఆ రోగకారక బాక్టీరియా విత్తనాల్లాంటి సిద్ధబీజాలు మట్టిలో దశాబ్దాల తరబడి బతికి ఉంటాయి. చర్మం మీది చిన్న గీత చాలు, అక్కడ నల్లని పుండు లేస్తుంది. పశువైద్యుడు చూసి కోతకు పంపిన జంతువు అవయవానికీ, దారిలో చచ్చిన జంతువు అవయవానికీ ఉన్న దూరం అంత పెద్దది. కబేళాల్లో కోతకు ముందు పశువైద్య పరీక్ష జరగాలని 2001 నాటి కేంద్ర నిబంధనలు చెప్పడంలో ఇదే ఆలోచన ఉంది.

కోత అయ్యాక మిగిలిన ముక్కలను గోడ అవతల కుక్కలకు వేయడం చాలామందికి పుణ్యకార్యంలా తోస్తుంది. గొర్రె ఊపిరితిత్తుల్లో, కార్జంలో ఒక్కోసారి నీటితో నిండిన బుడగలు కనబడతాయి. అవి హైడాటిడ్ తిత్తులు. కుక్క వాటిని తింటే దాని పేగుల్లో చిన్న బద్దెపురుగులు పెరుగుతాయి, వాటి గుడ్లు కుక్క మలంతో బయటికి వస్తాయి. గడ్డితో గొర్రెకూ, మురికి చేతులతో మనిషికీ ఆ గుడ్లు చేరతాయి. మనిషి కార్జంలో తిత్తి పెరిగితే శస్త్రచికిత్స దాకా పోతుంది. తిత్తిని ముట్టుకున్నందుకు పిల్లలకు ఈ జబ్బు రాదు. ముక్కను కుక్కకు వేసినందుకు ఎప్పుడో ఎవరికో రావచ్చు. మిగిలిన ముక్కలను కుక్కలు తవ్వలేనంత లోతున పూడ్చడం వెనక ఉన్న కారణం ఇదే.

వద్దన్న పిల్లల మార్కులు

ఇక మిగిలింది మొదట్లో మూడోవారు వేసిన అనుమతి ప్రశ్న. చట్టం, లెక్క, శుభ్రత అన్నీ కుదిరినా, ముట్టుకోనన్న పిల్లను ఏం చేయాలి? అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 1988లోనే దీనికి చట్టం చేసింది. కోత ఉన్న తరగతి గురించి ముందే చెప్పాలి, అభ్యంతరం ఉన్న విద్యార్థికి తల్లిదండ్రుల చీటీతో తప్పుకునే హక్కు ఉంది, దానికి బదులుగా ఇచ్చే పని అంతే సమయం, అంతే శ్రమ తీసుకునేదిగా ఉండాలి. తప్పుకున్నందుకు మార్కులు తగ్గించకూడదు.

మన బడుల్లో ఇది చాలావరకు ప్రధానోపాధ్యాయుల విచక్షణ మీద నడుస్తోంది. కొందరు వద్దన్నవారిని వెనక బెంచీకి పంపి ఊరుకుంటారు, అంటే ఆ గంటలో వారు ఏమీ నేర్చుకోరు. కొందరు మందార పువ్వును నిలువుగా కోసి భాగాలు చూపే పని ఇస్తారు. పువ్వు కోత మంచి పాఠమే గానీ, గుండె పాఠానికి బదులు కాదు. ఆ పిల్లకు కూడా పరీక్షలో కవాటాల ప్రశ్నే వస్తుంది. దానికి సరిగ్గా సరిపోయేది గుండె నమూనా బొమ్మ, లేదా అదే గంటలో అదే కవాటాన్ని చూపే వీడియో. ఏ రోజు కోస్తారో వారం ముందే చీటీ రాసి ఇళ్లకు పంపే బడులకు, కోశాక సంజాయిషీ ఇచ్చుకునే అవసరం అంతగా రాదు.